మనిషి, చోటు: కొత్తవాడ నుంచి చూసిన మానవ భూగోళశాస్త్రం

మనుషులనూ వాళ్లు బతికే చోటునూ విడదీయకుండా చదివే విద్య మానవ భూగోళశాస్త్రం. ఒక పేటలో ఫలానా కులస్తులే ఎందుకు స్థిరపడ్డారు, ఫలానా పనే ఎందుకు పట్టుకున్నారు, ఆ చోటు వాళ్లనెలా మలిచింది, వాళ్లు దాన్నెలా మార్చుకున్నారు అన్నవి ఇందులోని ప్రశ్నలు. ఈ ప్రశ్నలు కొత్తవేమీ కావు. జవాబు వెతికే పద్ధతి మాత్రం గత నూట నలభై ఏళ్లలో పలుమార్లు మారింది. మారిన ప్రతిసారీ దాని వెనక ఒక తత్వం ఉంది. మనిషి స్వేచ్ఛ ఎంత, ప్రకృతి బలం ఎంత, సొమ్ముకున్న శక్తి ఎంత, అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్న వాదాలే ఈ శాస్త్రాన్ని నడిపించాయి.

ఈ వాదాలను గాలిలో కాకుండా నేల మీద నిలబెట్టి చూడాలంటే వరంగల్‌లోని కొత్తవాడ మంచి చోటు. ఇది నేతపని వాళ్ల పేట. పద్మశాలీలు ఎక్కువ. శత్రంజీలు, జంపఖానాలు, కార్పెట్లు, దుప్పట్లు ఇక్కడి మగ్గాల మీద తయారవుతాయి. శత్రంజీలనే దర్రీలనీ అంటారు; 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మిల్లు వచ్చి మూతబడటం, వలసలు, సహకార సంఘాలు, సర్కారు కొనుగోళ్లు అన్నీ ఈ పేటను తాకినవే. ఏ సిద్ధాంతాన్ని తెచ్చినా కొత్తవాడ దాన్ని పరీక్షకు పెడుతుంది.

మొదటి సిద్ధాంతం ప్రకృతికే పెద్దపీట వేసింది. జర్మన్ పండితుడు ఫ్రెడరిక్ రాట్జెల్ 1882లో మానవ భూగోళం మీద తన పెద్ద గ్రంథం తొలి సంపుటాన్ని వెలువరించాడు. ఆయన శిష్యురాలు, అమెరికాకు చెందిన ఎలెన్ సెంపుల్, 1911లో ఆ ఆలోచనను ఇంగ్లీషు పాఠకులకు ఇంకా గట్టిగా వినిపించింది. వాతావరణం, నేల, కొండలు, నదులు మనుషుల స్వభావాన్నీ వృత్తులనూ నిర్ణయిస్తాయన్నది ఈ నియతివాదం సారాంశం. వరంగల్ చుట్టుపక్కల దీనికి పైకి సాక్ష్యం కనిపిస్తుంది. నల్లరేగడి ఉంది కనుక పత్తి పండింది, పత్తి ఉంది కనుక నేత పుట్టింది, నేత ఉంది కనుక కొత్తవాడ వెలిసింది అని గొలుసు కట్టేయవచ్చు.

కానీ ఆ గొలుసు నిలవదు. నల్లరేగడి ఆదిలాబాద్‌లోనూ ఉంది, విదర్భలోనూ ఉంది. ఆ నేల ఉన్న ప్రతిచోటా శత్రంజీలు నేసే పేట పుట్టలేదు. నగరం అంచున ఉన్న ఏనుమాముల మార్కెట్‌కు రైతులు తెచ్చే పత్తి కూడా నేరుగా కొత్తవాడ మగ్గం ఎక్కదు. అది జిన్నింగ్ మిల్లుకు పోతుంది, బేళ్లుగా మారి ఎక్కడెక్కడి స్పిన్నింగ్ మిల్లులకో చేరుతుంది. నేతగాడికి కావలసిన నూలు మరెక్కడో వడికి, చిలపలుగా తిరిగొస్తుంది. పొలానికీ మగ్గానికీ మధ్య వర్తకం, ధరలు, పన్నులు, సర్కారు నిర్ణయాలు నిలబడి ఉన్నాయి. జాతుల స్వభావాన్ని ఎండవానలతో కొలిచిన ఈ వాదం వలస పాలకులకు ఎంతో అనుకూలించింది కూడా. వేడి దేశాల వాళ్లు సోమరులన్న మాటకు అది శాస్త్రం ముసుగు తొడిగింది. ఆ మచ్చ ఈ విద్యకు చాలాకాలం వదల్లేదు.

ఫ్రాన్స్‌లో విడాల్ ద లా బ్లాష్ దీనికి విరుగుడు చెప్పాడు. ప్రకృతి కొన్ని అవకాశాలను ముందుంచుతుంది, అందులో దేన్ని ఎంచుకోవాలో మనుషుల అలవాట్లు, నైపుణ్యాలు, చరిత్ర తేలుస్తాయి. సంభవవాదం అనే ఈ ఆలోచనకు తెలంగాణ చెరువులను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. గ్రానైటు రాళ్ల నేల, ఎత్తుపల్లాలు, నిలకడ లేని వాన. ఇదే నేల మీద కాకతీయుల కాలంలో పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వారు. పల్లానికి కట్ట వేసి వాన నీటిని నిలబెట్టడం రాయీ మట్టీ చేసిన నిర్ణయం కాదు. చెరువు కట్టించిన సామంతుడు, కట్ట కాపాడిన ఊరు, నీటిని వంతులవారీగా పంచిన నీరటికాడు కలిసి చేసిన పని అది. ఒక ప్రాంతపు జనం ఏళ్ల తరబడి అలవరచుకున్న ఇలాంటి బతుకు తీరునే విడాల్ తన పరిశోధనకు కేంద్రం చేసుకున్నాడు.

నిజానికి తెలుగులో ఈ చూపు విశ్వవిద్యాలయాల కంటే ముందే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారి పొడుగునా ఏ ఊళ్లో ఏ సరుకులు దొరుకుతాయి, నీళ్లు ఎలా ఉన్నాయి, జనం ఏ భాష మాట్లాడతారు, ఏ కులాల వాళ్లు ఏం చేస్తున్నారు అని రాసుకుంటూ పోయాడు. ఒక శతాబ్దం తరువాత సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల వరసను పక్కనపెట్టి తిండి, బట్ట, ఆటలు, పండగలు, వృత్తుల లెక్క తీశాడు. భూగోళశాస్త్రం పాఠ్యక్రమాల్లో వీళ్ల పేర్లు కనిపించకపోవడం పెద్ద లోటు.

అమెరికాలో కార్ల్ సావర్ 1925లో మరో అడుగు వేశాడు. ప్రకృతి ఇచ్చిన నేల మీద ఒక సంస్కృతి పనిచేయగా ఏర్పడిన రూపాన్ని కంటితో చదవాలన్నాడు. ఇల్లు, వీధి, పొలం గట్టు, గుడి అన్నీ చదవదగినవే. తెలుగు నేత పేటల వీధులకు ఈ చూపు బాగా అతుకుతుంది. పాత పద్ధతిలో పడుగును మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవారు. దానికి పొడవైన, నిటారైన, అడ్డంకుల్లేని వీధి కావాలి. పొద్దెక్కేలోపు పని ముగియాలి, వాన ఉండకూడదు, ఇరుగుపొరుగు నాలుగు చేతులు కలవాలి. ఆ వేళకు బండ్లు ఆ వీధిన వచ్చేవి కావు. వీధి అంటే రాకపోకల దారి అనుకునే పట్టణ ప్రణాళిక వాళ్లకు ఆ వీధి ఒక కార్ఖానా అని తట్టదు.

కొత్తవాడకు కొద్ది దూరంలోనే సావర్ పద్ధతికి అందనిది ఒకటుంది. ఓరుగల్లు (వరంగల్) కోటను కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి కాలంలో పూర్తయిందంటారు. రాతి కోట దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉంటుంది, దాని చుట్టూ సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. నడిమధ్య స్వయంభూ శివాలయం, దానికి నాలుగు దిక్కులా తోరణాలు. కళాచరిత్రకారుడు జార్జ్ మిషెల్ ఈ నగరాన్ని విశ్వానికి నమూనాగా చదివాడు. దీన్ని గీసిన వాళ్ల మనసులో నేల అంటే కొలతలకు లొంగే ఖాళీ స్థలం కాదు, దేవుడు నడుమ ఉన్న మండలం. కంటికి కనిపించే రూపం దగ్గర ఆగిపోతే ఈ అర్థం చేజారుతుంది. 

రెండో ప్రపంచ యుద్ధం తరువాత లెక్కల కాలం వచ్చింది. ఒక్కో ప్రాంతం ఒక్కో విధంగా ఉంటుందని వర్ణిస్తూ కూర్చుంటే శాస్త్రం కాదు, నియమాలు కనిపెట్టాలి అని ఫ్రెడ్ షేఫర్ 1953లో వాదించాడు. వాల్టర్ క్రిస్టాలర్ 1933లోనే దక్షిణ జర్మనీ పట్టణాలను షట్కోణాల వలగా గీసి చూపాడు. దూరం, రవాణా ఖర్చు, జనాభా తెలిస్తే అంగడి ఎక్కడ వెలుస్తుందో చెప్పవచ్చన్నారు. వరంగల్, హనుమకొండ, కాజీపేట ఎందుకు కలిసిపోయి ఒకే నగరమయ్యాయో, కాజీపేట రైల్వే జంక్షన్ ఆ పెరుగుదలకు ఎంత తోడ్పడిందో వివరించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. కొత్తవాడలో మగ్గం దిగని ముసలాయన ఎందుకు దిగడం లేదో చెప్పడానికి మాత్రం పనికిరాదు. ఆ లెక్కల్లో మనిషి ఎప్పుడూ ఖర్చు తగ్గించుకునే జీవి మాత్రమే.

ఆ అసంతృప్తి నుంచే 1970లలో మానవవాద భూగోళం పుట్టింది. చైనాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన యి-ఫు తువాన్, కెనడాలో పనిచేసిన ఎడ్వర్డ్ రెల్ఫ్, ఐర్లాండ్‌కు చెందిన ఆన్ బుటిమర్ దీనికి ముఖ్యులు. హుసెర్ల్, హైడెగర్‌ల తత్వం నుంచి వీళ్లు ఒక పట్టు తీసుకున్నారు: లోకాన్ని బయట నిలబడి కొలిచే ముందు, అందులో బతుకుతున్న మనిషికి అది ఎలా అనుభవంలోకి వస్తుందో చూడాలి. తువాన్ దృష్టిలో స్థలం వేరు, చోటు వేరు. స్థలం కదలికకు వీలిచ్చే ఖాళీ. అక్కడ ఆగి, అలవాటుపడి, అర్థం నింపుకుంటే అది చోటవుతుంది. 1974లో తువాన్, 1976లో రెల్ఫ్ రాసిన పుస్తకాలు ఈ ధోరణికి పునాదులు. ఎక్కడ చూసినా ఒకేలా ఉండే మాల్‌లు, హైవేలు, కాలనీలు చోటు అన్న అనుభవాన్నే చెరిపేస్తున్నాయని రెల్ఫ్ హెచ్చరించాడు.

గుంటమగ్గం దగ్గర కూర్చుంటే ఈ తత్వం చేతికి తగులుతుంది. నేతగాడు నేల అంచున కూర్చుంటాడు, కాళ్లు గుంటలో ఉంటాయి. పాదాలు చెక్కలు తొక్కుతుంటే పడుగు పోగులు కిందికీ మీదికీ విడిపోతాయి, ఆ సందులోంచి నాడె పోతుంది, పేక పోగును కొట్టి బిగిస్తాడు. వెడల్పాటి దర్రీ అయితే ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే తూగులో నేస్తారు, ఒకరి చెయ్యి ఆలస్యమైతే రెండోవాడు ఆగాలి. మగ్గం గుంట ఆ ఇంటి నేలలోనే ఉంది. మంచాన్నో బీరువానో మోసుకుపోయినట్టు దాన్ని మోసుకుపోలేరు. వాన నీరు ఇంట్లోకొస్తే ముందు నిండేది ఆ గుంటే, పని ఆగేది ఆ రోజునుంచే. 2020 ఆగస్టులో వరంగల్ నగరాన్ని వరద ముంచెత్తినట్టు నీళ్లు పేటల్లోకి వచ్చినప్పుడు, అద్దె ఇల్లు మారినంత సులువుగా నేతగాడు పని మార్చుకోలేడు. స్వీడన్ పండితుడు టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్ మనిషి ఒక రోజులో ఏ వేళకు ఎక్కడుండగలడో గీతలుగా గీసి చూపేవాడు. గుంటమగ్గం నేసేవాడి గీత దాదాపు కదలకుండా నిలబడి ఉంటుంది. అతని చోటు అతనికి ఆధారం, అదే అతనికి బంధనం.

చోటుకు అర్థం పనిలోంచే కాదు, కథలోంచి కూడా వస్తుంది. పద్మశాలీలకు కూనపులి వాళ్లు ఆశ్రిత కులం. వీళ్లు పొడవైన బొమ్మల పటం విప్పుతూ మార్కండేయుడి కథ, దేవతలకు వస్త్రం నేసిన భావనారుషి కథ చెబుతారు. ఆ పటాలు గీసే నకాషీ చిత్రకారుల ఊరు చేర్యాల, ఒకప్పటి వరంగల్ జిల్లాలోదే. కూనపులి వాళ్ల తిరుగుడు దారిని గీస్తే పద్మశాలీలున్న ఊళ్ల వరస తేలుతుంది. ఏ కుటుంబానికి ఏ ఊళ్లపై హక్కో పంపకాలున్నాయి. ఇది కాగితం మీద లేని మ్యాపు. రెవెన్యూ మ్యాపులో పేటకు సరిహద్దులుంటాయి, ఈ మ్యాపులో పేటకు బంధువులుంటారు. కొత్తవాడ వంటి పేటను అర్థం చేసుకోవడానికి రెండోదే ఎక్కువ అవసరం.

మానవవాదానికి ఒక బలహీనత ఉంది, దాన్ని స్త్రీవాదులు సూటిగా పట్టుకున్నారు. ఇల్లంటే ప్రశాంతమైన ఆశ్రయం, సొంత చోటు అని తువాన్ తరం రాసింది. ఎవరికి ప్రశాంతం అని జిలియన్ రోజ్ 1993లో అడిగింది. ఇల్లే కార్ఖానా అయిన పేటలో ఆ ప్రశ్న బరువెక్కుతుంది. ఆసు పోయడం, కండెలు చుట్టడం, నూలు సర్దడం, వంట, పిల్లలు అన్నీ ఆ రెండు గదుల్లోనే. మగ్గం కూలీ ఇంటి పెద్ద పేరు మీద లెక్కకొస్తే కండెలు చుట్టిన చేతులకు విడిగా కూలీ కనిపించదు. 2019-20లో జరిగిన నాలుగో జాతీయ చేనేత గణనలో దేశం మొత్తం మీద దాదాపు 35 లక్షల మంది చేనేత కార్మికులు తేలారు, వాళ్లలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అయినా నేతన్న అనగానే మగమనిషి బొమ్మే కళ్ల ముందుకొస్తుంది. ఉత్తర తెలంగాణలోనూ సోలాపూర్‌లోనూ ఎన్నో పద్మశాలి ఇళ్లను బీడీలు చుట్టే ఆడవాళ్లే నిలబెట్టారు. చోటు గురించి రాసేటప్పుడు ఇంట్లో ఎవరు ఏ మూల కూర్చుని, ఎన్ని గంటలు, ఎంత కూలీకి పనిచేశారో చూడకుండా ఆత్మీయత గురించి మాట్లాడటం అన్యాయం.

మరో గట్టి విమర్శ మార్క్సిస్టుల నుంచి వచ్చింది. డేవిడ్ హార్వే 1969లో లెక్కల భూగోళానికి తాత్విక గ్రంథం రాసిన మనిషి. నాలుగేళ్లు తిరిగేసరికి, 1973లో, సామాజిక న్యాయం, నగరం అన్న అంశాల మీద రాసిన పుస్తకంలో తన దారే మార్చుకున్నాడు. ఫ్రెంచ్ తత్వవేత్త ఆన్రి లెఫెవ్ర్ 1974లో స్థలం ముందే ఉన్న ఖాళీ పాత్ర కాదని, సమాజం దాన్ని ఉత్పత్తి చేస్తుందని వాదించాడు. పెట్టుబడి ఒకచోట లాభం తగ్గగానే మరోచోటికి పోతుంది, పోతూ పాత చోటును ఖాళీ చేస్తుంది, కొత్త చోటును నిర్మిస్తుంది. హార్వే దీన్ని సిద్ధాంతంగా చెప్పాడు. వరంగల్ దాన్ని బతికి చూసింది.

1934లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పెద్ద కొడుకు ఆజం జా పేరుతో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వెలిసింది. నూలు వడకడం, బట్ట నేయడం రెండూ అక్కడ జరిగేవి. వేల కుటుంబాలకు అది జీతం, క్వార్టరు, సైరను మోతతో నడిచే రోజు. తరువాత జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. 2002లో మూతబడింది. మిల్లు భూముల్లో చాలా భాగం ప్లాట్లుగా మారింది. బట్ట నేసిన నేల ఇప్పుడు గజాల లెక్కన అమ్ముడుపోయే నేల. లెఫెవ్ర్ చెప్పిన మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ తెలుగు పాఠకుడికి అక్కర్లేదు.

చేనేత సంగతి ఇంకో దారిన నడిచింది. 1985 జౌళి విధానం ఉపాధి కంటే ఉత్పత్తికి పెద్దపీట వేసింది. అదే ఏడాది చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ చట్టమూ వచ్చింది. దర్రీలు, జంపఖానాలు ఆ జాబితాలో ఉన్నాయి. కానీ మరమగ్గం వాటిని నేయకుండా ఆపడం చట్టానికి చేతకాలేదు. బొంబాయిలో 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత పని భివండీ మరమగ్గాలకు మరింతగా తరలింది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నేతగాళ్లు భివండీకి, సూరత్‌కు, సోలాపూర్‌కు రైలెక్కారు. చేతి నైపుణ్యం ఉన్నవాడు అక్కడ మరమగ్గం కూలీ అయ్యాడు. ఈ కదలికను సొంత ఇష్టంతో చేసిన ఎంపిక అని రాసే పద్ధతి ఏదైనా నమ్మదగింది కాదు. అలాగే అంతా పెట్టుబడే చేసింది, మనుషులు కొట్టుకుపోయారు అన్నా సరిపోదు. సహకార సంఘాలు కట్టుకున్నది ఈ మనుషులే. తెలంగాణలో ఆ ఉద్యమానికి కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి నాయకులు బలంగా నిలిచారు. సంఘాల ద్వారా సర్కారు కొనుగోళ్లు, హాస్టళ్లకు దుప్పట్లు, జంపఖానాలు సాధించుకోవడం వల్లే కొత్తవాడలో మగ్గం చప్పుడు పూర్తిగా ఆగిపోలేదు.

మానవవాదానికీ మార్క్సిస్టు వాదానికీ మధ్య చిక్కుకున్న చోటు అన్న ప్రశ్నకు ఇంగ్లండ్ పండితురాలు డోరీన్ మాసీ 1991లో ఇచ్చిన జవాబు, ఈ వ్యాసకర్త దృష్టిలో, కొత్తవాడకు అన్నింటికంటే దగ్గరగా వస్తుంది. లండన్‌లో తాను ఉండే కిల్‌బర్న్ వీధిలో నడుస్తూ ఆమె ఐరిష్ పత్రికలు, చీరల దుకాణం, తల మీదుగా పోయే విమానాలు గమనించింది. ఆ వీధికి ఒక గుర్తింపు ఉంది, కానీ అది చుట్టూ గోడ కట్టుకోవడం వల్ల వచ్చింది కాదు, బయటి లోకంతో దానికున్న సంబంధాల ముడి వల్ల వచ్చింది. లోకమంతా దగ్గరైపోతోందని అందరూ అంటుంటే, ఆ దగ్గరతనంలో ఎవరికి అధికారం ఉంది, ఎవరు ఇరుక్కుపోయారు అని కూడా ఆమె అడిగింది.

ఓరుగల్లు ఎప్పుడూ ముడులున్న చోటే. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. ఆ తరువాత మార్కోపోలో ఆ రాజ్యపు సన్నని బట్టను మెచ్చుకుంటూ రాశాడు. పర్షియా సంప్రదాయపు తివాచీల పని ఇక్కడ వేళ్లూనింది, 1851 లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు నిలిచాయి. మాసీ పద్ధతిలో కొత్తవాడ చిత్రం గీస్తే అందులో సోలాపూర్ తూర్పు పేటలు తప్పక రావాలి. అక్కడ తరాలుగా తెలుగు మాట్లాడే పద్మశాలీలున్నారు, మార్కండేయుడి పేరుతో సంస్థలున్నాయి, పెళ్లి సంబంధాలు ఇప్పటికీ ఇటూ అటూ నడుస్తాయి. పండక్కి వచ్చే వాళ్లూ, నెల నెలా ఫోన్‌లో పంపే డబ్బూ, అక్కడ నేర్చుకొచ్చిన కొత్త డిజైనూ ఈ పేటలో భాగమే.

ఇక్కడే భౌగోళిక గుర్తింపు చట్టం తాత్వికంగా ఆసక్తి కలిగిస్తుంది. 1999లో చేసి 2003లో అమల్లోకి తెచ్చిన ఈ చట్టం ఒక సరుకు గుణం దాని చోటు నుంచి వస్తుందని నమ్ముతుంది. నేల, నీరు, జనం నైపుణ్యం ఒకచోట కలిస్తేనే ఆ పేరు. గీత గీసి, లోపల ఉన్నవాళ్లకు హక్కు ఇస్తుంది. నకిలీల నుంచి కాపాడటానికి అది అవసరం, కొత్తవాడ నేతగాళ్లకు ఆ రక్షణ దక్కాల్సిందే. కానీ నైపుణ్యం గీత దాటి వెళ్లిన సంగతి చట్టానికి పట్టదు. కొత్తవాడలో తండ్రి దగ్గర నేర్చుకుని సోలాపూర్‌లో స్థిరపడినవాడు అదే చేత్తో అదే దర్రీ నేసినా దానికి వరంగల్ పేరు పెట్టలేడు.

2017 అక్టోబరులో గీసుకొండ, సంగెం మండలాల సరిహద్దులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసినప్పుడు, సూరత్, భివండీ, సోలాపూర్‌లకు పోయిన నేతగాళ్లను సొంత నేలకు రప్పిస్తామన్నది ప్రభుత్వం చెప్పిన ఉద్దేశాల్లో ఒకటి. అక్కడికి వచ్చినవాటిలో కొరియాకు చెందిన యంగ్‌వన్ వంటి పెద్ద కంపెనీలున్నాయి, అవి కుట్టేది ఎగుమతి దుస్తులు. గుంటమగ్గం మీద శత్రంజీ నేసిన చేతులకు ఆ షెడ్లలో ఏ పని దొరుకుతుంది, రోజుకు ఎన్ని గంటలు, ఇంటి నుంచి ఎంత దూరం, ఆడవాళ్లకు బస్సు ఏ వేళకు అన్నవి తేలాలి. సోలాపూర్‌లో పుట్టి మరాఠీ బడిలో చదివిన మూడో తరానికి వరంగల్ తిరిగి రావాల్సిన ఊరా, తాతయ్య ఊరా అన్నదీ అడిగి తెలుసుకోవలసిందే. ఈ ప్రశ్నలకు జనాభా లెక్కలు కొంత, కూలీ లెక్కలు కొంత, కండె చుట్టే ఇల్లాలి మాటలు కొంత జవాబిస్తాయి.